మా శాలలో పుట్టిన మాటలు

విశాఖపట్నం గోపాలపట్నంలో మా పాత ఇల్లు ఉన్న చోట ఇప్పుడు ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ ఉంది. అందులో మాకూ ఒక ఫ్లాట్ వచ్చింది. కింద సెల్లార్‌లో మా కారు నిలబెట్టే చోటు, దాదాపుగా, మా గౌరిని కట్టేసిన గుంజ ఉండే చోటే. పాత గుర్తుల్లో బావి ఒక్కటే మిగిలింది, దాని మీదా సిమెంటు పలక వేసేశారు. ఒకరోజు పొద్దున్నే ఎవరూ లేనప్పుడు అక్కడి నుంచి అడుగులు వేసి కొలుచుకున్నాను. గోడ వారగా కుడితి గోలెం, దాని పక్కన నల్లమ్మ గుంజ, తర్వాత గౌరి గుంజ. నల్లమ్మ గేదె, గౌరి ఆవు. ఇంకా మూడు గేదెలు, మరో ఆవు, ఒక జత ఎడ్లు, ఎప్పుడూ రెండో మూడో దూడలు ఉండేవి.

శాల అంటే పశువుల శాల. మా వైపు ఆ ఒక్క మాట చాలు, పశువులని వేరే చెప్పక్కర్లేదు. మామ్మ నోట అది 'సాల'. మా నాన్న షిప్‌యార్డులో పని చేసేవాడు. తాత పెందుర్తి దారిలో ఉన్న రెండెకరాలు చూసుకునేవాడు. శాల మాత్రం మామ్మ రాజ్యం. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, పేడ తీసి, గత్తం గోతిలో పోసి, పాలు పితికి, క్యాన్లు సైకిలుకి కట్టించి మర్రిపాలెం, ఎన్ఏడీ వైపు వాడకాలకి పంపేది. మామ్మ బడికి వెళ్ళలేదు. నేను ముప్పై ఏళ్ళ పైన తెలుగు పాఠాలు చెప్పాను. పిల్లలకి ఏ మాటకైనా వ్యుత్పత్తి చెప్పాల్సి వస్తే, పుస్తకం కంటే ముందు నాకు ఆ శాలే కళ్ళ ముందు నిలబడేది.

మొదట నాకు తెలిసొచ్చిన మాట 'సొమ్ములు'. మా ఉత్తరాంధ్రలో పాతవాళ్ళు పశువులని సొమ్ములు అంటారు. సొమ్ములు ఇప్పడం, సొమ్ములు తోలుకెళ్ళడం, సొమ్ములు కాయడం. నేను రెండో తరగతిలో ఉండగా టీచరు ఒక్కొక్కరినీ లేపి మీ ఇంట్లో ఎవరు ఏం చేస్తారని అడిగారు. "మా మామ్మ సొమ్ములు చూసుకుంటుందండీ" అన్నాను. నా పక్కన కూర్చున్న పిల్ల బ్యాంకు ఉద్యోగి కూతురు. ఆ సాయంత్రం నాతో పాటు మా ఇంటికి వచ్చి, మీ మామ్మ నగలు చూపించమని అడిగింది. మామ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని శాలలోకి తీసుకెళ్ళి, "ఇవేనమ్మా మా సొమ్ములు, సూడు" అని ఒక్కో గేదెనీ పేరు పేరునా చూపించింది. ఆ పిల్లకి నవ్వు రాలేదు. నల్లమ్మ నుదుటి మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడింది. వెళ్ళేటప్పుడు మామ్మ దాని చేతిలో జున్ను ముక్క పెట్టింది.

ధనానికీ నగలకీ పశువులకీ ఒకే మాట ఎందుకుందో నాకు చాలా ఏళ్ళ తర్వాత అర్థమైంది. ఇది మన ఒక్కరి సంగతి కాదు. తమిళంలో 'మాడు' అంటే పశువు, ధనం అని కూడా అర్థం. లాటిన్‌లో పశువుని 'పెకు' అంటారు, అది మన 'పశు' శబ్దానికి తోబుట్టువు. దాని నుంచే వాళ్ళ డబ్బు మాట 'పెకూనియా' పుట్టింది. ఇంగ్లిష్‌లో పశువులని చెప్పే 'క్యాటిల్', పెట్టుబడిని చెప్పే 'క్యాపిటల్' రెండూ ఒకే లాటిన్ మాట బిడ్డలు. ఆ మాటకి మూలం 'కాపుట్', అంటే తల. బ్యాంకుల్లో క్యాపిటల్ అనే మాట వింటే నాకిప్పటికీ మామ్మ సాయంత్రం శాల గుమ్మంలో నిలబడి తలలు లెక్కపెట్టుకోవడం గుర్తొస్తుంది. లెక్క సరిపోయాకే తను అన్నం తినేది.

ఆదివారాలు నాన్న అరుగు మీద కూర్చుని పేపరు పైకి చదివేవాడు. మామ్మ గోలెంలో తవుడు కలుపుతూ వినేది. ఒకరోజు వార్తలు వరసగా ఇలా నడిచాయి: పార్టీ పగ్గాలు ఎవరికి, నాయకుల మధ్య కుమ్ములాటలు, ఒకాయన ఒంటెద్దు పోకడ, ఇంకొకాయన కయ్యానికి కాలు దువ్వుతున్నాడు, దొడ్డిదారిన నియామకాలు, నష్టాల సంస్థ ప్రభుత్వానికి గుదిబండ. మామ్మ చెయ్యి కడుక్కుని తిన్నగా లేచింది. "ఏటి బావూ, మా సాల్లో మాటలన్నీ ఆ పేపరోళ్ళకి ఎవులు సెప్పినారు?" అని అడిగింది. నాన్న పేపరు మడిచి మళ్ళీ మొదటి నుంచి, ఆ మాటల దగ్గర ఆగి ఆగి చదివాడు. ఆ రోజు మా ఇంట్లో పేపరు చదవడం మధ్యాహ్నం దాకా సాగింది. ప్రతి మాటకీ మామ్మ దగ్గర ఒక వస్తువో, ఒక పశువో ఉంది.

పగ్గం ఎడ్లను తోలే తాడు. సంస్కృతంలో ప్రగ్రహం. అది మా ఇంట్లో దూలానికి వేలాడుతుండేది, తాత చేతి చెమటకి నల్లబడి. కుమ్ములాట అంటే రెండు గొడ్లు కొమ్ములు కలేసుకోవడం. ఇప్పటి కుర్రాళ్ళు పరీక్ష బాగా రాస్తే 'కుమ్మేశాను' అంటారు. నా దగ్గర చదివిన పిల్లలు అలా అంటే నేను ఎప్పుడూ కోప్పడలేదు, ఆ మాటలో ఇంకా కొమ్ముల బలం ఉంది కాబట్టి. కాలు దువ్వడం ఏమిటో కోడెని చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. తల దించి, ముందుకాలితో మట్టి వెనక్కి ఎగజిమ్ముతుంది. ఆ మట్టి దాని పొట్ట కింద నుంచి వెనక నిలబడ్డ మన మీద పడుతుంది. ఒంటెద్దు సంగతి తాత చెప్పాడు. ఒంటరిగా బండి లాగడానికి అలవాటు పడ్డ ఎద్దుని జతలో కడితే పక్కదాని అడుగుతో అడుగు కలపదట. తన దారి తనదే.

గుదిబండ గురించి మాత్రం మామ్మే చెప్పాలి. నల్లమ్మకి పరాయి చేలో పడే అలవాటు ఉండేది. అలాంటి దానిని దొంగగొడ్డు అంటారు. దాని మెడకి ఒక కర్రమొద్దు కట్టి వేలాడదీసేవారు. మెల్లగా నడిస్తే ఏమీ కాదు. పరిగెత్తబోతే మోకాళ్ళకి తగులుతుంది. "కట్టినోళ్ళకి తెలుస్తాదే గుంటా, దానికెంత నొప్పో" అనేది మామ్మ. రాత్రి శాలలోకి రాగానే ముందు ఆ మొద్దు విప్పి, నల్లమ్మ మోకాళ్ళకి నూనె రాసి, అప్పుడు కుడితి పెట్టేది. ఏదో కార్పొరేషన్ గుదిబండగా మారిందని పేపర్లో చదివినప్పుడు ఎవరూ ఆ మోకాళ్ళ గురించి ఆలోచించరు.

ఇక దొడ్డి. ఇంటి వెనక పశువులని కట్టే జాగా దొడ్డి. చుట్టాలు వీధి గుమ్మంలోంచి, గొడ్లు దొడ్డిగుమ్మంలోంచి వచ్చేవి. అందుకే చాటుగా వచ్చే దారి దొడ్డిదారి అయింది. ఇళ్ళలో మరుగుదొడ్లు లేని కాలంలో పెరటి వైపు వెళ్ళడం నుంచి 'దొడ్డికి వెళ్ళడం' వచ్చింది, పిల్లలతో ఇప్పటికీ అదే మాట అంటాం. బందెలదొడ్డి ఇంకోటి. పరాయి పొలంలో మేసిన గొడ్డుని పట్టుకెళ్ళి అక్కడ పెడితే యజమాని జుల్మానా కట్టి విడిపించుకోవాలి. ఇంగ్లిష్ వాళ్ళు 1871లో దానికి చట్టమే చేశారు. నల్లమ్మ ఒకసారి ఆ దొడ్డిలో ఒక రాత్రంతా ఉంది. తాత డబ్బు కట్టి తోలుకొచ్చేసరికి మామ్మ వీధి చివర నిలబడి ఉంది, చేతిలో పచ్చగడ్డి మోపుతో. తిట్టడానికని బయల్దేరిందట. ఒక్క మాట అనలేదు.

నాకు పదేళ్ళప్పుడు మామ్మ పాలు పితకడం నేర్పింది. ముందు దూడని వదలాలి. దూడ రెండు గుక్కలు తాగి మూతితో పొదుగుని పొడుస్తుంది. అప్పుడు ఆవు చేపుతుంది. చేపడం అంటే పాలు దించడం. ఆ క్షణం వేళ్ళకి తెలుస్తుంది. వట్టి తోలు సంచిలా ఉన్న చన్ను ఒక్కసారిగా నిండి బిగుసుకుంటుంది. దూడ స్పర్శకి ఆవు ఒంట్లో ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదలై పాలు దిగుతాయని తర్వాత సైన్సు పుస్తకంలో చదివాను. మామ్మకి ఆ పేరు తెలియదు గానీ, పితికేటప్పుడు ఎవరైనా గట్టిగా అరిస్తే, కుక్క వస్తే, ఆవు బెదిరి పాలు ఎగబట్టేస్తుందని తెలుసు. అందుకే ఆ అరగంట మా ఇంట్లో ఎవరూ గొంతు పెంచేవాళ్ళు కాదు. అమ్మా నాన్నా పోట్లాడుకుంటున్నా సరే, శాలలో చెంబు చప్పుడు వినబడితే ఆపేసేవాళ్ళు.

ఎంఏ తెలుగులో చేరాక ఆంధ్రా యూనివర్సిటీ గ్రంథాలయంలో ఒక మధ్యాహ్నం యాస్కుడి నిరుక్తం గురించి చదువుతున్నాను. వేదాల్లోని మాటలకి మూలాలు చెప్పిన చాలా పాత గ్రంథం అది. 'దుహిత' అంటే కూతురు. ఆ మాటకి ఆయన ఇచ్చిన వివరణల్లో ఒకటి 'దుహ్' ధాతువు నుంచి, అంటే పాలు పితకడం నుంచి వచ్చిందని. ఇంగ్లిష్ 'డాటర్' దానికి అక్కచెల్లెలు. ఈ కాలపు భాషా శాస్త్రజ్ఞులు ఆ వివరణని అందరూ ఒప్పుకోరు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా ఆ పేజీ మీద నుంచి నా చూపు కదల్లేదు. నా రెండు బొటనవేళ్ళ కణుపుల మీద పితికి పితికి కాసిన కాయలు అప్పటికి ఇంకా పోలేదు.

గౌరి మొదటి దూడ చచ్చిపోయింది. పుట్టిన తొమ్మిదో రోజు, కడుపు ఉబ్బి. గౌరి రెండు రోజులు మేత ముట్టలేదు. ఖాళీ గుంజ వైపు చూసి అంబా అని అరుస్తూనే ఉంది. మా వైపు కొందరు అలాంటప్పుడు చచ్చిన దూడ తోలులో గడ్డి కూరి బొమ్మలా చేసి ఆవు ముందు పెడతారు. దాన్ని నాకుతూ ఆవు చేపుతుంది. పక్కింటాయన ఆ పని చేసి పెడతానని వచ్చాడు. మామ్మ ఒప్పుకోలేదు. "దాని కళ్ళల్లోకి నానెలగ సూడనూ" అంది. పాల వాడకాలు తగ్గాయి, డబ్బు తగ్గింది, నాన్న కొంచెం విసుక్కున్నాడు కూడా. గౌరి నెల తిరక్కుండానే వట్టిపోయింది.

సంస్కృతంలో దూడని వత్స అంటారు. దూడ మీద ఆవుకి ఉండే ప్రేమ వాత్సల్యం. పెళ్ళి పత్రికల్లో, సన్మాన పత్రాల్లో, గురువుగారి వాత్సల్యం అంటూ ఎన్నిసార్లు రాసుంటామో. క్లాసులో ఆ మాట వచ్చినప్పుడల్లా నేను గౌరి సంగతి చెప్పేదాన్ని. ఒక్కో ఏడాది ఒకరిద్దరు పిల్లలు ఏడ్చేవాళ్ళు. పాఠం నాలుగు నిమిషాలు ఆగిపోయేది, ఆగనిచ్చేదాన్ని.

వట్టిపోవడం అనే మాట కూడా అంతే. ఎండాకాలం వస్తే మా అపార్ట్‌మెంట్లో 'బోరు వట్టిపోయింది' అని వాట్సాప్ మెసేజ్ వస్తుంది. పాలివ్వడం మానేసిన పశువుకి వాడే మాటని భూమికి వాడుతున్నాం. ఇంతకంటే సరైన మాట ఆ సంగతికి దొరకదని నాకు గట్టి నమ్మకం.

మరుసటి ఏడు గౌరి మళ్ళీ ఈనింది. ఈసారి కోడెదూడ. మామ్మ అప్పటికే మొక్కుకుని ఉంది. మా వైపు సింహాద్రి అప్పన్నకి కోడెదూడలు సమర్పించడం పాత ఆచారం. పాలు మరిచాక దాని మెడకి పసుపుతాడు, నుదుట బొట్టు పెట్టి, కొండ కింద అడివివరం దాకా నడిపించుకుంటూ వెళ్ళాం. దారిలో తాత నాకు అచ్చోసిన ఆంబోతు అంటే ఏమిటో చెప్పాడు. ఇంట్లో పెద్దలు పోతే వాళ్ళ పేరున ఒక కోడెకి శూలమో చక్రమో ముద్ర కాల్చి ఊరి మీద వదిలేసేవారట. ఆ ముద్రే అచ్చు. దానికి కాడి ఉండదు, పగ్గం ఉండదు, ఏ చేలో మేసినా ఎవరూ కొట్టరు. ఊరి ఆవులకి అదే దిక్కు. "మనుషులని తిట్టడానికి వాడతారు గానీ, అది దేవుడి ఎద్దమ్మా" అన్నాడు తాత. తిరిగొచ్చేటప్పుడు పసుపుతాడు నా చేతిలోనే ఉండిపోయింది.

తాతతో ఒక్కసారి అలమండ సంతకి వెళ్ళాను. అదొక్కటే పెద్ద కథ. బేరగాళ్ళు తుండుగుడ్డ కింద చేతులు పెట్టి వేళ్ళు పట్టుకుని ధర మాట్లాడుకోవడం, ఎద్దు నోరు తెరిచి రెండు పళ్ళా నాలుగు పళ్ళా అని వయసు చూడడం, ఒంటి మీద సుళ్ళు ఎక్కడున్నాయో వెతకడం. 'వాడి సుడి బాగుంది' అని ఎవరైనా అంటే నాకు ఆ సంతే గుర్తొస్తుంది. ఎద్దుకీ మనిషికీ వెంట్రుకల్లో సుడి చూసి అదృష్టం చెప్పేవాళ్ళు అప్పట్లో.

గౌరి ఒకసారి తప్పిపోయింది. సాయంత్రం మంద తిరిగొచ్చింది. గొడ్ల కాళ్ళు రేపిన దుమ్ములో సూర్యుడు ఎర్రగా ఉన్నాడు. గోధూళి వేళ అంటే అదే, పెళ్ళి ముహూర్తాలకి పెడతారు. మామ్మ తలలు లెక్కపెట్టింది. ఒకటి తక్కువ. లాంతర్లు పట్టుకుని నాన్న, చిన్నాన్న, తాత, వెనకాల నేను. మేఘాద్రిగెడ్డ వైపు తుప్పలన్నీ వెతికాం. మెడలో గంట చప్పుడు వినబడుతుందేమోనని ఆగడం, పేరు పెట్టి పిలవడం, మళ్ళీ నడవడం. రాత్రి పదకొండు దాటాక గెడ్డ పక్క పచ్చికలో తెల్లగా ఏదో కనిపించింది. పడుకుని తీరిగ్గా నెమరు వేసుకుంటోంది. నాన్న దాన్ని కొట్టలేదు, దాని పక్కనే కూలబడిపోయాడు.

పదేళ్ళ తర్వాత యూనివర్సిటీ క్లాసులో మాస్టారు 'గవేషణ' అని బోర్డు మీద రాశారు. పరిశోధన అని అర్థం, అందరికీ తెలుసు. దాన్ని విడదీశారు: గవ, ఏషణ. ఆవుని కోరడం, ఆవుని వెతకడం. నా చేతిలో పెన్ను ఆగిపోయింది. తర్వాత 'గోచరం' రాశారు. ఆవులు తిరిగే పచ్చిక అని మొదటి అర్థం, చూపు తిరిగే మేర అని తర్వాతి అర్థం. కనబడితే గోచరం, కనబడకపోతే అగోచరం. 'గోష్ఠి'కి మూలం గోష్ఠం, ఆవులని కట్టే చోటు. గొడ్లు కట్టేసుకుని జనం చేరి మాట్లాడుకున్న చోటి నుంచి కవుల గోష్ఠి దాకా వచ్చింది. 'గోత్రం' కూడా మొదట ఆవుల దొడ్డే. ఒకే దొడ్డిలో ఆవులు కట్టుకున్నవాళ్ళంతా ఒక వంశం. 'గవాక్షం' ఆవు కన్ను. క్లాసులో మిగతావాళ్ళు రాసుకుంటున్నారు. నాకు గెడ్డ పక్కన చీకట్లో లాంతరు వెలుగు పడి మెరిసిన గౌరి కన్ను కనిపిస్తోంది. గుండ్రంగా, నల్లగా, లోపల చిన్న దీపం ఉన్న కిటికీలా.

ఒక మాట చెప్పాలి. 'గో'తో మొదలయ్యే ప్రతి మాటా ఆవుది కాదు. గోడకీ గోరుకీ ఆవుతో ఏ సంబంధమూ లేదు. ఈ మధ్య ఫోన్లలో వచ్చే మెసేజిలలో ఏ మాటనైనా విరిచి ఏదో ఒక అర్థం చెప్పేస్తున్నారు. అది చూస్తే నాకు బాధగా ఉంటుంది. నిజంగా శాలలోంచి వచ్చిన మాటలే ఇన్ని ఉండగా లేనివి కల్పించడం ఎందుకు? భాషా శాస్త్రజ్ఞులు భద్రిరాజు కృష్ణమూర్తిగారు తెలుగు జిల్లాలన్నిటా రైతుల నోటి మాటలు సేకరింపజేసి వ్యవసాయ వృత్తిపదాల కోశాన్ని 1962లో తెచ్చారు. కాడికీ మేడికీ ఏ జిల్లాలో ఏ పేరో అందులో ఉంటుంది. అలా మనిషి దగ్గరికి వెళ్ళి అడిగి తెచ్చిన మాట మీద నాకు గౌరవం.

తాత రోజూ పొద్దున్న 'బండి పూన్చాలి' అనేవాడు. పూన్చడం అంటే ఎడ్లని కాడికి కట్టడం. ఎలపటెద్దు కుడివైపు, దాపటెద్దు ఎడమవైపు. నాకు కుడి ఎడమలు అలాగే వచ్చాయి. ఏదైనా పనికి 'పూనుకోవడం' అక్కడిదే, మన మెడ మనమే కాడి కిందికి పెట్టడం. సంస్కృతంలోనూ ఇదే దారి. యుజ్ అంటే పూన్చడం. యుగం అంటే మొదట కాడి. యోజనం అంటే ఒకసారి పూన్చిన ఎడ్లని విప్పకుండా వెళ్ళే దూరం. ఉద్యోగంలోనూ ఆ యుజే ఉంది. మా నాన్న షిప్‌యార్డు సైరన్ వేళకి సైకిలెక్కి పరిగెత్తడం చూసి తాత "నీ కాడి నీకుంది, నా కాడి నాకుంది" అనేవాడు. ఆయనకి ధాతువులు తెలియవు. కానీ ఉద్యోగం అనే మాటకి అంత చక్కటి టీక నేను ఎక్కడా చదవలేదు.

2025 జూన్ 21న ఆర్కే బీచ్ నుంచి భోగాపురం వైపు దారి పొడవునా జనం చాపలు పరుచుకుని యోగా చేశారు కదా. నేనూ వెళ్ళాను, మోకాళ్ళు సహకరించినంత వరకు చేశాను. యోగం అన్నా పూన్చడమే. మనసుని కాడికి కట్టడం. సముద్రం మీద వెలుగు పడుతుంటే, అంతమంది ఒకేసారి ముందుకి వంగుతుంటే, నాకు తాత 'హై' అని అదిలించడం చెవిలో వినబడింది.

కోవిడ్ కాలంలో ఇంకో మాట. 2021లో టీకా వేయించుకుని అరగంట కూర్చోమన్నారు. పక్కన కూర్చున్న అమ్మాయికి బాగా టెన్షన్‌గా ఉంది. తన ధ్యాస మళ్ళించడానికి వ్యాక్సిన్ అనే మాట కథ చెప్పాను. లాటిన్‌లో 'వాకా' అంటే ఆవు. 1796లో ఇంగ్లండ్‌లో ఎడ్వర్డ్ జెన్నర్ అనే డాక్టరు, ఆవుల నుంచి కౌపాక్స్ అనే పొక్కుల జబ్బు అంటుకున్న పాలు పితికే అమ్మాయి చేతి పొక్కులోంచి రసం తీసి ఒక పిల్లవాడికి ఎక్కించాడు. ఆ పిల్లవాడికి మశూచి రాలేదు. ఆ అమ్మాయికి కౌపాక్స్ ఇచ్చిన ఆవు పేరు బ్లాసమ్. దాని తోలు లండన్‌లోని సెయింట్ జార్జ్ వైద్య కళాశాలలో ఇంకా దాచి ఉంచారు. "ఆవు పేరు కూడా రాసిపెట్టుకున్నారా ఆంటీ!" అని ఆ అమ్మాయి ఆశ్చర్యపోయింది. పేరు లేని ఆవు ఎవరింట్లో ఉంటుంది?

మా శాల ఎలా పోయిందో పెద్దగా చెప్పేది లేదు. ముందు ఎడ్లు పోయాయి, పొలం అమ్మాక. తర్వాత పచ్చిక పోయింది. మేత కొనాల్సి వచ్చింది. ఇంటింటికీ విశాఖ డెయిరీ ప్యాకెట్లు వచ్చాయి. గౌరి మా దొడ్లోనే, ముసలిదై, ఒక మాఘమాసం తెల్లవారుజామున పోయింది. మామ్మ ఆ తర్వాత రెండేళ్ళు బతికింది. శాల ఖాళీ అయ్యాక కూడా సాయంత్రం గుమ్మంలోకి వెళ్ళి నిలబడేది. ఎందుకు మామ్మా అంటే, "ఏటో, కాళ్ళు ఇటే లాగుతున్నాయి" అనేది.

ఆ శాలకి ఆనుకునే మా పడకగది ఉండేది. రాత్రి మెలకువ వస్తే గోడ అవతల నెమరు చప్పుడు వినబడేది. ఆవు రోజులో ఏడెనిమిది గంటలు నెమరు వేస్తుందంటారు. పగలంతా తొందరగా మింగినదాన్ని, రాత్రి నిదానంగా నోట్లోకి తెచ్చుకుని, మళ్ళీ నములుతుంది. మధ్యలో ఒక్క క్షణం ఆగుతుంది, మెడలోంచి ఇంకో ముద్ద పైకి వస్తుంది, మళ్ళీ మొదలు. మేం జ్ఞాపకాలని నెమరువేసుకోవడం అని పుస్తకాల్లో రాసుకునేది ఆ చప్పుడునే. నాకది ఇప్పుడు కూడా వస్తుంది, సెల్లార్‌లో నీళ్ళ మోటారు ఆగిపోయాక, కొన్ని రాత్రులు.

నా మనవరాలికి నాలుగేళ్ళు. మొన్న పలక మీద ఇంగ్లిష్ మొదటి అక్షరం దిద్దుతోంది. 'ఏ ఫర్ యాపిల్' అంటూ. ఆ అక్షరం ఎద్దు తల. చాలా వేల ఏళ్ళ కింద పడమటి ఆసియాలో ఎద్దు తల బొమ్మగా మొదలైంది, ఆలెఫ్ అంటే వాళ్ళ భాషలో ఎద్దు. గ్రీకుల చేతిలో ఆల్ఫా అయింది. తిరుగుతూ తిరుగుతూ తల్లకిందులైంది. నేను పలక అందుకుని కిందిది పైకి తిప్పి చూపించాను. పైన రెండు కొమ్ములు, కింద కోసుగా మూతి. పాప కాసేపు చూసింది. బలపం తీసుకుని లోపల రెండు కళ్ళు పెట్టింది, మెడ కింద ఒక గంట కూడా వేసింది.

"దీని పేరేంటి మామ్మా?"

"గౌరి" అన్నాను.